లీనో హార్బర్‌కి వెళ్ళిన చలికాలం

నవంబరు 22, శనివారం

ఈరోజు కూడా లీనోని ఆడించలేదు. రెండు–ఒకటితో గెలిచాం. అయినా ఆటంతా నా కళ్ళు బెంచీ మీదే ఉన్నాయి. వాడు మోకాళ్ళ మీద తువ్వాలు వేసుకుని, పక్కన కూర్చున్న కుర్రాళ్ళకి ఏదో చెబుతూ గడిపేశాడు. కొత్త కోచ్ వచ్చినప్పటి నుంచి ఇదే వరస. ఎడమవైపు డిఫెన్సులో ఇప్పుడాడుతున్న కుర్రాడు బాగా పరుగెత్తుతాడు, కాదనను. ఎటు పరుగెత్తాలో ఇంకా తెలియదు, అంతే.

ఆట అయ్యాక మెట్ల దగ్గర రుజార్ ఆపాడు. మా అభిమానుల సంఘానికి కార్యదర్శి. క్లబ్బు ఆఫీసులో ఏం ఉడుకుతోందో వాడి ముక్కుకి అందరికంటే ముందే తెలుస్తుంది.

"లీనో కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతోంది. పొడిగించట్లేదంట."

"అంటే ఆట మానేస్తున్నాడన్నమాట."

"ముప్పై అయిదు దాటాయి. ఇంకేం చేస్తాడు, చేపలు పడతాడా?"

లీనో మొదటిసారి మా ఎస్ట్రెలా క్లబ్బు ఆకుపచ్చ చొక్కా వేసుకున్న ఏడాదే నేను ఓడ ఉద్యోగం వదిలి ఒడ్డుకి చేరాను. మా వాడలో పిల్లాడే. ఇప్పటికి పదమూడేళ్ళయింది. సంఘం అధ్యక్షుడిగా నేను చేయాల్సింది ఒకటే. మడ్గావ్ ఇంతవరకూ చూడని వీడ్కోలు వాడికి ఇవ్వాలి.

నవంబరు 23

ఉపన్యాసం మొదలుపెట్టాను. మూడు పేజీలయ్యాయి, ఇంకా లీనో పేరు రాలేదు. ఎర్మెలిండా కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇందులో 'నేను' అన్న మాటే ఎక్కువుంది ఇనాస్. సన్మానం వాడికా, నీకా?" అంది.

నా భార్యకి ఫుట్‌బాల్ తెలియదు.

నవంబరు 26

బ్యాండు వాళ్ళతో మాట్లాడాను. డిసెంబరు 14న ఈ ఏడాదికి ఇక్కడ ఆడే చివరి ఆట. విరామంలో శాలువా, చెక్క మీద చెక్కించిన జ్ఞాపిక, నా ఉపన్యాసం. ఆట అయ్యాక పై కప్పు లేని జీపులో ఊరేగింపు. రుజార్ టపాకాయల సంగతి చూస్తానన్నాడు. లీనోకి ఇంకా చెప్పలేదు. ఆశ్చర్యపోవాలి.

నవంబరు 29

సాయంత్రం లీనో వచ్చాడు. ఎవరో చెప్పేసినట్టున్నారు. వరండాలో కూర్చోమన్నా కూర్చోలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కాసేపు వాళ్ళమ్మ నడుంనొప్పి గురించి, కాసేపు మా కుక్క గురించి మాట్లాడాడు. తరవాత అన్నాడు:

"అంకుల్, ఆ బ్యాండు వద్దు."

"బ్యాండు లేకుండా ఊరేగింపేమిట్రా?"

"ఊరేగింపు కూడా వద్దు. శాలువా వద్దు. ఏమీ వద్దు."

సిగ్గుపడుతున్నాడనుకున్నాను. చిన్నప్పటి నుంచీ అంతే, గోల్ వేసిన రోజు కూడా తల దించుకునే వెనక్కి పరుగెత్తేవాడు. అదే చెప్పాను. నవ్వాడు, కానీ మాట మార్చుకోలేదు.

"నేను ఆట మానట్లేదు అంకుల్. ఇంకా ఆడతాను. నేను రోడ్డు మీద నడుచుకుంటూ పోతుంటే మీరు చర్చిలో నా చావుగంట కొట్టిస్తున్నారు. శాలువా కప్పించుకున్నవాడికి మళ్ళీ ఎవరైనా బూట్లిస్తారా?"

"ఎక్కడ ఆడతావు?"

"చూడాలి."

ఎర్మెలిండా లోపల్నించి టీ తెచ్చింది. అది మాత్రం తాగాడు. వెళ్ళేటప్పుడు, "కోపం తెచ్చుకోకండి," అన్నాడు.

నాకెందుకు కోపం? మంచికి పోతే వద్దన్నాడు. వద్దంటే మానేస్తాను. బ్యాండు వాళ్ళకి రేపు చెబుతాను. నొచ్చుకోవడానికి ఇందులో ఏముంది?

డిసెంబరు 4

హార్బర్.

డిసెంబరు 5

నిన్న ఒక్క మాట రాసి పుస్తకం మూసేశాను. లీనో ఎక్కడికి పోతున్నాడో చెప్పడానికి రుజార్ ఫోన్ చేసి అదే మాట అన్నాడు. నేను "ఎక్కడికి?" అన్నాను. "హార్బర్" అన్నాడు మళ్ళీ. జనవరి ఒకటిన సంతకమట. ఏడాదిన్నర ఒప్పందమట.

ఏ క్లబ్బైనా సరే. బెంగళూరు వెళ్ళినా, మిజోరం వెళ్ళినా బస్టాండుకి వెళ్ళి చెయ్యి ఊపి వచ్చేవాణ్ణి. హార్బర్! వాస్కో రేవులో మా బస్సు అద్దాలు పగలగొట్టినవాళ్ళు. నా నుదుటి మీద కుట్లు ఆ రోజువే. ఆ రోజు ఆటగాళ్ళ బస్సు దిగి ముందుగా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి తన తువ్వాలుతో రక్తం తుడిచింది లీనోనే. అదే తువ్వాలు, అదే లీనో.

వీడ్కోలు వద్దన్నప్పుడు వాడి మనసులో ఇదే ఉందన్నమాట. "చూడాలి" అన్నాడు. నా వరండాలో నిలబడి, నా టీ తాగి, "చూడాలి" అన్నాడు.

నాకు కోపం లేదు. సంఘం తరఫున మాత్రమే బాధ.

డిసెంబరు 7

ఎర్మెలిండా పండగకి దోదోల్ మిఠాయి కలుపుతోంది. కొబ్బరిపాలు, నల్లబెల్లం. తిప్పడానికి నన్నూ గరిటె పట్టమంది. తిప్పుతూ తిప్పుతూ ఉండగా అడిగింది:

"నువ్వు గ్రీకు కంపెనీ వదిలేసి నార్వే ఓడెక్కినప్పుడు ఆ గ్రీకు కెప్టెన్ నీ బొమ్మ తగలబెట్టాడా?"

"అది ఉద్యోగం."

"మరి లీనోది?"

గరిటె ఇంకాస్త జోరుగా తిప్పాను. దోదోల్ అడుగంటుతోంది.

డిసెంబరు 14

ఈ ఆటకి లీనో జట్టులోనే లేడు. స్టేడియంలో కూడా లేడు. బెంచీ మీద వాడి చోట ఎవరో పద్దెనిమిదేళ్ళ వాడు కూర్చున్నాడు. ఆట మొదలయ్యే ముందు మైకులో ఒక ప్రకటన చదివారు: వ్యక్తిగత కారణాల వల్ల ఆవెలీనో రెబేలో క్లబ్బు వీడుతున్నారు, ఆయన సేవలకు ధన్యవాదాలు. అంతే. ఆ వెంటనే కార్ల పార్కింగు గురించి చదివారు.

మా వైపు మెట్ల మీద పాట మొదలైంది. వాడి కోసం మేం కట్టిన పాటే. మాటలు మార్చేశారు. లీనో వాళ్ళమ్మ ప్రస్తావన కూడా వచ్చింది అందులో. రుజార్ డప్పు వాయిస్తున్నాడు.

నేను పాడలేదు.

పాడొద్దని కూడా అనలేదు. అది నా పని కాదు. నాలుగు వందలమంది నోళ్ళు ఒక్కణ్ణి ఎలా మూయిస్తాను?

సున్నా–సున్నా.

డిసెంబరు 20

మధ్యాహ్నం మా వాడ నెవిల్, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద వచ్చారు. రోడ్డు మలుపు దగ్గర ముసలాణ్ణి చేస్తున్నారు. ప్రతి ఏడూ చేస్తారు, పాత ఏడాదిని గడ్డితో కూరి, టోపీ పెట్టి, ముప్పై ఒకటిన కాల్చేస్తారు.

"ఈసారి మన ముసలాడికి మూడో నంబరు అంకుల్," అన్నాడు నెవిల్. "లీనో చొక్కా ఒకటి మీ దగ్గరుందంటగా. కప్పు ఫైనల్‌ది."

"ఉంది."

"ఇస్తారా? కొత్తది కొంటే అసలుదిలా ఉండదు. ప్రెసిడెంటు గారే ఇచ్చారంటే ఊరంతా చెప్పుకుంటారు."

ఆ చొక్కా ఫైనల్ మర్నాడు లీనో తెచ్చి ఇచ్చాడు. ఆటలో భుజం దగ్గర చిరిగితే వాళ్ళమ్మ కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి పంపింది. ఎడమ మోచేతి దగ్గర మట్టి మరక మాత్రం పోలేదు. పోకపోవడమే బాగుందనుకున్నాను అప్పట్లో.

బీరువాలోంచి తీసి ఇచ్చాను. క్రిస్మస్‌కి ఇల్లు సర్దుకోవాలి ఎలాగూ. పాత గుడ్డలు పెట్టుకుని ఏం చేసుకుంటాం?

ఎర్మెలిండా ఇంట్లో లేదు, చర్చిలో పాటల సాధనకి వెళ్ళింది.

డిసెంబరు 21

బీరువాలో చాలా చోటు మిగిలింది.

డిసెంబరు 25

పండగ పూజకి వెళ్ళాం. లీనో కుటుంబం మాకు ముందు వరసల్లో కూర్చుంది. వాడు, భార్య, చిన్నపాప, వాళ్ళమ్మ సెబస్తియానా. పూజ అయ్యాక అందరూ అందరికీ చేతులు కలిపి శుభాకాంక్షలు చెప్పుకుంటారు. నేను బూటు లేసు కట్టుకోవడానికి వంగాను. లేచేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు.

నా బూట్లకి లేసులుండవు. ఎర్మెలిండా చూసింది.

మధ్యాహ్నం సెబస్తియానా ఇంటి నుంచి పళ్ళెం వచ్చింది, ప్రతి ఏడూ వచ్చినట్టే. పైన కుట్టుపని చేసిన తెల్లగుడ్డ, కింద కజ్జికాయల్లాంటి నెవ్రీలు, పొరలు పొరలుగా కాల్చిన బెబింకా. ఈసారి రాదనుకున్నాను. బెబింకా ఒక ముక్క తిన్నాను. ఆవిడ చేతి రుచి ఏమీ తగ్గలేదు.

డిసెంబరు 27

ఇది రాయకుండా పడుకుందామనుకున్నాను.

పొద్దున రొట్టె తెచ్చుకోవడానికి వెళ్ళాను. మలుపు దగ్గర ముసలాడు విరిగిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డి పొట్ట, కుండ తల, దాని మీద బొగ్గుతో మీసాలు. ఒంటిమీద ఆకుపచ్చ చొక్కా, నంబరు మూడు. మెడలో అట్టముక్క. దాని మీద "అమ్ముడుపోయిన ముసలాడు" అని రాశారు. నెవిల్ బృందం తాడు అడ్డం కట్టి, వచ్చే పోయే బళ్ళని ఆపి డబ్బా గలగలలాడిస్తున్నారు. నన్ను చూసి ఈలలు వేశారు.

నేను చెయ్యెత్తబోతున్నాను. అంతలో అవతల వైపు నుంచి సెబస్తియానా వచ్చింది. చేతిలో చేపల సంచీ. కుర్రాళ్ళ ఈలలు ఆగిపోయాయి.

ఆవిడ బొమ్మ ముందు నిలబడి కింద నుంచి పైకి చూసింది. అట్టముక్క చదివింది. కోప్పడుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. అలా తిడితే బాగుండేది. దగ్గరికి వెళ్ళి భుజం మీద కుట్టు వేలితో తడిమింది.

"ఈ దారం రంగు కలవలేదని అప్పుడే అనుకున్నాను," అంది, ఎవరితోనో తెలియకుండా. తరవాత నా వైపు తిరిగింది. "ఇది నీకిచ్చిన చొక్కా కదా ఇనాస్?"

"అవును."

ఆవిడ తల ఊపింది. కుట్టు దగ్గర గడ్డి బయటికి పొడుచుకొస్తోంది. దాన్ని లోపలికి దోపింది. కాలరు సరిచేసింది. సంచీలోంచి చిల్లర తీసి నెవిల్ డబ్బాలో వేసింది.

"పండగపూట పిల్లలకి ఏదో ఒకటి ఇవ్వాలి," అంది. తాడు పైకెత్తితే తల వంచి కింది నుంచి వెళ్ళిపోయింది. నడుం సరిగ్గా వంగలేదు.

రొట్టె తేవడం మర్చిపోయాను.

డిసెంబరు 28, ఆదివారం

పూజ నుంచి తిన్నగా మలుపు దగ్గరికి వెళ్ళాను. చేతిలో నా ఓడ కోటు. బంగారు రంగు గుండీలున్న నల్లకోటు, ఓడలో వంటశాల పెద్దగా పదవి వచ్చినప్పుడు కంపెనీ కుట్టించిచ్చింది.

"ఆ చొక్కా విప్పేయండి," అన్నాను.

నెవిల్ నవ్వాడు. "ఇచ్చింది తిరిగి తీసుకుంటారా అంకుల్?"

"తీసుకుంటాను."

"మరి ముసలాడు బట్టల్లేకుండా కూర్చోవాలా? ఆడవాళ్ళు తిరిగే దారి."

"ఇదిగో కోటు. అసలు ముసలాడిది. అట్టముక్క మీద నా పేరు రాసుకోండి, బాగా మండుతుంది."

కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో ఒకడు, "ఈ కోటు చాలా బాగుంది కదా, కాల్చేస్తారా?" అన్నాడు. నెవిల్ మాత్రం మొండికేశాడు.

"వాడు మనల్ని వదిలి హార్బర్‌కి పోయాడు. మీకు రోషం లేదా?"

"ఉంది. మూడు వారాలుగా ఆ రోషమే తింటున్నాను. కడుపు నిండట్లేదు. సెబస్తియానా నిన్న డబ్బాలో చిల్లర వేసినప్పుడు నువ్వు ఎటు చూశావు?"

నెవిల్ కుండ తల తీసి పక్కన పెట్టి, తనే చొక్కా ఊడదీశాడు. గడ్డి దులిపి మడత పెట్టి ఇచ్చాడు. మడత సరిగ్గా రాలేదు. అయినా పెట్టాడు.

అటునుంచటే లీనో ఇంటికి వెళ్ళాను. వాడు పెరట్లో కూతురికి సైకిలు నేర్పుతున్నాడు. నన్ను చూసి సైకిలు సీటు వదల్లేదు. అది పట్టుకునే, "రండి అంకుల్," అన్నాడు. నేను చొక్కా చూపించాను. ఎక్కడి నుంచి వచ్చిందో వాడికి తెలుసు. ఊరంతటికీ తెలుసు.

"నేనే ఇచ్చాను," అన్నాను.

"అమ్మ చెప్పింది."

క్షమించమని అడగడానికే వెళ్ళాను. కానీ నోటి నుంచి వేరే మాట వచ్చింది. "ఒక్కటి చెప్పు. క్లబ్బు పొమ్మందా, నువ్వే వెళ్ళావా?"

వాడు కూతురిని దింపి, లోపలికి పంపించి, సైకిలు గోడకి ఆనించాడు.

"ఎందుకు అంకుల్? వాళ్ళే పొమ్మంటే నన్ను క్షమిస్తారా? నేనే వెళ్తే క్షమించరా?"

"తెలుసుకుంటే..."

"పదమూడేళ్ళు ఆడాను. అది రెండింట్లోనూ మారదు. ఆ రోజుల్లో మీరు చప్పట్లు కొట్టింది ఆటకి కాదా? ఎప్పటికీ మీ దగ్గరే ఉంటానన్న మాటకా? ఆ మాట నేనెప్పుడూ ఇవ్వలేదు."

కోపంగా అనలేదు. బంతిని పక్కవాడికి అందించినంత నెమ్మదిగా అన్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. వాడూ వచ్చి పక్కన కూర్చున్నాడు. కాలు చాపుకుంటుంటే మోకాలు చప్పుడైంది.

"నా ఉపన్యాసంలో నీ పేరు నాలుగో పేజీలో గానీ రాలేదు," అన్నాను.

"ఎర్మెలిండా ఆంటీ అమ్మకి చెప్పింది," అని నవ్వాడు. "మా ఇంట్లో అందరికీ తెలుసు."

అప్పుడడిగాను, క్షమించమని. వాడు నా మోకాలి మీద తట్టాడు, అంతే. సెబస్తియానా బయటికొచ్చి నా చేతిలోంచి చొక్కా తీసుకుంది. "గడ్డి కంపు కొడుతోంది, ఉతకాలి. దారం కూడా మారుస్తాను," అంటూ లోపలికి తీసుకుపోయింది. దాన్ని మళ్ళీ నాకు పంపుతుందో లేదో అడగలేదు.

హార్బర్‌కి ఎందుకు వెళ్ళాడో నాకు ఇప్పటికీ తెలియదు.

జనవరి 1

నిన్న నన్ను కాల్చారు. కోటు జేబుల్లో టపాకాయలు కూరారట. బాగా పేలాయని నెవిల్ పొద్దున్నే వచ్చి చెప్పి, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పి వెళ్ళాడు.

జనవరి 6

ముగ్గురు రాజుల పండగ. అయినా రుజార్ సంఘం సమావేశం పెట్టాడు. పద్దెనిమిదిన హార్బర్ మా ఫతోర్డా స్టేడియానికి వస్తోంది.

వాడి దగ్గర అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మెట్ల పొడవునా పట్టే గుడ్డ బ్యానరు. దాని మీద ప్రభువుని అమ్మినవాడి ముప్పై వెండి నాణేలు, వాడు ఉరేసుకున్న తాడు, మూడో నంబరు. లీనో బంతి తాకినప్పుడల్లా వెయ్యడానికి డబ్బాల నిండా రేకు బిళ్ళలు.

"ఇది వద్దు," అన్నాను.

"ఎందుకొద్దు?"

"వాడు మన ఆస్తి కాదు. ఆ కాళ్ళు వాడివి. ఇన్నాళ్ళు మన కోసం పరుగెత్తించాడు. ఇప్పుడు ఇంకో చోట పరుగెత్తిస్తాడు. ఆ రోజు మనం హార్బర్‌ని ఓడించాలి, లీనోని కాదు."

"మీ నుదుటి మీద కుట్లు హార్బర్ వాళ్ళవే కదా ప్రెసిడెంటు గారూ?"

"రాయి వేసింది లీనో కాదు. రక్తం తుడిచింది వాడే. నువ్వూ అక్కడే ఉన్నావు."

రుజార్ ఉన్నాడు. అందుకే కాస్త ఆగాడు. కానీ గదిలో అంతమంది ముందు వెనక్కి తగ్గడం వాడి వల్ల కాలేదు.

"మీకు వయసైపోయింది. సొంత కోటు కాల్పించుకున్నారని ఊరంతా నవ్వుతోంది. ఇష్టం లేకపోతే పద్దెనిమిదిన ఇంట్లో కూర్చోండి. లేదా అధ్యక్ష పదవి దిగిపోండి."

"దిగిపోతాను. కానీ ఇంట్లో కూర్చోను."

సంఘం గది తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఎవరూ ఆపలేదు. మొదటి రోజు నుంచీ ఆ సంఘాన్ని నడిపింది నేను. వీధిలోకి వచ్చాక కాళ్ళు కొంచెం వణికాయి. చలికి కాదు. ఈసారి అబద్ధం రాయను.

జనవరి 11

ఎర్మెలిండా అడిగింది, పద్దెనిమిదిన నీతో రానా అని. వద్దన్నాను. నా మీద రేకు బిళ్ళలు పడితే ఆవిడ చూడకూడదు.

జనవరి 18

ఓడిపోయాం. సున్నా–ఒకటి.

సంగతులన్నీ వరసగా రాస్తాను. లేకపోతే రేపు ఇంకోలా గుర్తుంటాయి.

ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. నా చుట్టూ ఖాళీ. రుజార్ రెండు వరసల కింద. బ్యానరు వాడి ఒళ్ళో చుట్ట చుట్టి ఉంది. లీనో నీలం చొక్కాలో బయటికి వచ్చాడు. వాడి ఒంటి మీద నీలం చూడటానికి నాకు చాలాసేపు పట్టింది. మా వాళ్ళు బాగా అరిచారు. మొదటి సగంలో లీనో బంతి తాకిన ప్రతిసారీ అరిచారు, బిళ్ళలు కూడా వేశారు. వాటిలో ఒకటి వాడి చెవి దగ్గర తగిలింది. వంగి తీసి, రిఫరీకి ఇవ్వకుండా గీత బయట పెట్టి ఆటలోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత బిళ్ళలు తగ్గాయి. ఎవరూ చెప్పలేదు, వాటంతటవే తగ్గాయి.

రెండో సగంలో హార్బర్ గోల్ వేసింది. కార్నర్ నుంచి తలతో. మా కొత్త కుర్రాడు తాను కాపు కాయాల్సిన మనిషిని వదిలేశాడు. లీనో అయితే వదిలేవాడు కాదు. ఆ మాట నా పక్కనెవరో పైకే అనేశారు. అన్నవాడు వెంటనే దగ్గాడు.

ఆట ఇంకా పావుగంట ఉందనగా లీనో మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ కోచ్ మార్చమని సైగ చేశాడు. బయటికి వెళ్ళేవాడు దగ్గర్లో ఉన్న గీత దాటే వెళ్ళాలని నియమం. దగ్గర్లో ఉన్నది మా వైపు గీతే. అంటే వాడు మా మెట్ల ముందు నుంచి, ఈ చివర నుంచి ఆ చివరకి, ఒక్కడే నడవాలి.

గీత దాటాడు. ఒకసారి మా వైపు చూసి, తల దించుకుని నడక మొదలుపెట్టాడు. కుంటుతున్నాడు. అరుపులు ఆగిపోయాయి. ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. రుజార్ బ్యానరు కొస పట్టుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. టోపీ తీశాను.

ఒక్క క్షణం నేనొక్కణ్ణే. వెనక నుంచి నెవిల్ గొంతు ఖంగుమంది: "లీనో! ఏ మోకాలు? కుడిదా ఎడమదా?"

వాడి కుడికాలు బస్సెక్కడానికి తప్ప ఎందుకూ పనికిరాదని మా వాళ్ళు ఏళ్ళ తరబడి ఏడిపించారు. లీనో ఆగాడు. కుడికాలు ఎత్తి చూపించాడు.

"అయితే పరవాలేదు! అది ఎలాగూ వాడవు!"

నవ్వు మొదలైంది. నవ్వుతూనే లేచారు. ఎవరో చప్పట్లు కొట్టారు, తరవాత వరస, తరవాత మెట్లన్నీ. లీనో నడుస్తున్నంత దూరం ఆ చప్పుడు వాడితోపాటు నడిచింది. రుజార్ నిలబడే ఉన్నాడు, బ్యానరు చుట్ట చంకలో పెట్టుకుని. చప్పట్లు కొట్టాలంటే అది అడ్డం వచ్చింది. దాన్ని బెంచీ కిందకి తోసి కొట్టాడు. హార్బర్ వాళ్ళు అవతల వైపు నుంచి అయోమయంగా చూస్తున్నారు. తాము గెలుస్తుంటే వీళ్ళు సంబరపడటమేమిటని.

చివర మలుపు దగ్గర లీనో వెనక్కి తిరిగాడు. చెయ్యెత్తలేదు, గుండె మీద పెట్టుకోలేదు, అలాంటివేమీ చేయలేదు. కాసేపు నిలబడి చూశాడు. పదమూడేళ్ళలో వాడు తల ఎత్తి మా వైపు అంతసేపు చూడటం అదే మొదలు. తరవాత వెళ్ళిపోయాడు.

నేను లేచి నిలబడ్డాను, అంతే. అరవలేదు. ఈ వయసులో అరుపులేమిటి?

జనవరి 19

పొద్దున్నే నోరు తెరిస్తే గొంతు రాలేదు. గుసగుస కూడా రాలేదు. ఎర్మెలిండా మిరియాల కషాయం ఇచ్చింది. నేను తాగుతుంటే ఎదురుగా కూర్చుని చూస్తోంది.

"కప్పు గెలిచిన రోజు కూడా నీ గొంతు ఇలా పోలేదు."

కాగితం తీసుకుని "చలిగాలి" అని రాసి చూపించాను.

"అవునవును," అంది. "నిన్న ఫతోర్డాలో మంచు కురిసిందని అందరూ చెప్పుకుంటున్నారు."